డబ్బాలోంచి తీసేసిన అవ్వ

2014 సెప్టెంబర్‌లో ఒక పొద్దున, మన దేశం పంపిన నౌక అంగారకుడి చుట్టూ తిరగడం మొదలుపెట్టిందని టీవీలో చెబుతుంటే, ఎల్లారెడ్డిలోని మా హైస్కూల్ పిల్లలందర్నీ ఒకే గదిలో కుక్కి కూర్చోబెట్టారు. టీవీ హెడ్మాస్టర్ తన ఇంటి నుంచి తెప్పించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు, సార్లు కొట్టారు, అటెండర్ కూడా కొట్టాడు. నేను కొట్టలేదు. "ఏం మేడం, సైన్స్ టీచరై ఉండి మీకు సంతోషం లేదా?" అని హెడ్మాస్టర్ అందరి ముందూ అడిగాడు. ఆ నౌక కట్టినవాళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు, వాళ్ళకు రెండు చేతులెత్తి దండం పెడతాను. నా కోపం పది నెలల పాతది. అందులో సగం నా మీదే.

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో అంటారు. ఉండక ఏం చేస్తుంది? 2009లో బదిలీ మీద ఈ బడికి వచ్చాను. ఇల్లు కామారెడ్డిలో, కొలువు ఎల్లారెడ్డిలో. పొద్దున్నే బస్సు పట్టుకుంటే లింగంపేట దాకా నిలబడే ప్రయాణం. అలా వచ్చి పాఠం చెబుదామంటే ప్రయోగశాల అని బోర్డున్న గదిలో విరిగిన బెంచీలు. సర్కారు ఎప్పుడో ఇచ్చిన దుర్భిణి ఒకటి బీరువాలో ఉంది, తాళంచెవి హెడ్మాస్టర్ జేబులో. ఒక్కసారి పిల్లలకు చంద్రుణ్ణి చూపిస్తానంటే "పగిలితే ఎవరు జవాబుదారీ మేడం?" అంటాడు. ఐదేళ్ళలో అది ఆ బీరువా లోపలి చీకటి తప్ప మరేమీ చూడలేదు. రిజిస్టర్‌లో మాత్రం 'పనిచేయుచున్నది' అని ఏటేటా రాసేవాళ్ళు, ఆ కింద నేనే సంతకం పెట్టేదాన్ని.

2013లో తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. గాంధారి మండలంలో ఒక తండా వాళ్ళది. ఎల్లారెడ్డిలో ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదువుకునేది. కిటికీ పక్క బెంచీ ఆమెది. మాట తక్కువ, ప్రశ్న మాత్రం సూదిలా గుచ్చుకునేది. ఒకరోజు నక్షత్రాల పాఠం చెబుతూ, మనకు అతి దగ్గరి నక్షత్రం నుంచి వెలుగు రావడానికే నాలుగేళ్ళు దాటుతుందని, మనిషి చేసిన నౌకల్లో బాగా ఉరికేదాన్ని అటు పంపినా డెబ్భై వేల ఏళ్ళ పైన పడుతుందని చెప్పాను. తరగతి అంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు.

"అయితే ఎక్కినోళ్ళు చేరరు గద టీచర్?" అంది.

"చేరరు. ఇంకా ఎంతో వేగంగా పోయే నౌక కట్టినా, ఎక్కినవాళ్ళ పిల్లల పిల్లలు చేరాలి. దారిలోనే పుట్టాలి, దారిలోనే పెరగాలి."

"మా చెరుకు లారీ లెక్కనే" అంది.

తరగతి మళ్ళీ నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళ తండా వాళ్ళు ఏటా దీపావళి కాగానే లారీ ఎక్కి మహారాష్ట్రకు చెరుకు కొట్టడానికి పోతారు. మొగుడూ పెళ్ళామూ కలిస్తే ఒక జోడీ, జోడీ లెక్కనే పని. తిరిగి దిగేది ఉగాదికి. ఈ నడుమ ఐదు నెలలు గుడారాల్లోనే వండుకోవడం, కనడం, చావడం. ఆ పిల్ల కూడా హాస్టల్లో చేరేదాకా అట్లా పోయి వచ్చిందే. వాళ్ళ చెల్లె, మూడేళ్ళది, ఒక చెరుకు తోట పక్క గుడారంలో పుట్టింది. సైన్స్ చదివిన నాకంటే ఆమెకే ఆ ప్రయాణం బాగా తెలుసు. అది నాకు అప్పుడు తట్టలేదు.

ఆ రోజుల్లోనే పేపర్లో ఒక వార్త పడింది. ఎక్కడో విదేశంలో, అంగారకుడి మీదికి పోయి అక్కడే ఉండిపోయేవాళ్ళు కావాలి, తిరిగి రావడం ఉండదు అని ఎవరో పిలిస్తే జనం ఎగబడి పేర్లిచ్చారట. మా స్టాఫ్‌రూంలో చాయ్ తాగుతూ ఒకటే ముచ్చట. ఏం గుండె ధైర్యం, ఏం త్యాగం అని. అదే స్టాఫ్‌రూంలో, దీపావళి తర్వాత పిల్లలు బడి మానేస్తే "తండా పిల్లలు అంతే, వాళ్ళకు చదువు అబ్బదు" అంటారు. పేపర్లో పడితే త్యాగం, హాజరు పట్టీలో పడితే సోమరితనం. నేను అడిగేశాను కూడా. చాయ్ చల్లారుతోందన్నారు.

దసరా తర్వాత ఆ పిల్ల తండ్రి బడికి వచ్చాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని, ఈసారి పిల్లను వెంట తీసుకుపోతానన్నాడు. అప్పటిదాకా చెల్లెను చూసుకునే ముసలమ్మ, ఆయన తల్లి, ఆ ఎండాకాలంలో పోయింది. జోడీ ఇద్దరూ చెరుకులోకి దిగితే మూడేళ్ళ పిల్లను ఎవరు పట్టుకోవాలి? నేను అరిచినంత అరిచాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"మా అక్క దగ్గర ఇడుద్దమంటే, ఉత్త బడి కోసమా అంటది మేడం. ఆమెకు ఆమె సంసారమే బరువైతుంది" అన్నాడు.

అప్పుడే కామారెడ్డిలో సైన్స్ పోటీలు ఉన్నాయి. అక్కడ గెలిస్తే జిల్లాకు, నిజామాబాద్‌కు పంపుతారు. నాకు దారి దొరికింది. "నీ బిడ్డ జిల్లాకు ఎంపికైతే?" అని అడిగాను. ఆయన నేల చూస్తూ ఆలోచించాడు.

"అట్లయితే మా అక్క కాదనదు. చిన్నదాన్ని ఆమె దగ్గర ఇడిసిపెడతం, పెద్దది ఈడనే సదువుకుంటది. మాట ఇస్తున్న."

అంటే కామారెడ్డిలో ఎంపికైతే బడి, లేకపోతే లారీ. ఈ సంగతి ఆ పిల్లకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంత తెలిసీ నేను చేసిన పని వినండి.

ఆ పిల్ల పదిహేను రోజులు హాస్టల్ వరండాలో కూర్చుని నక్షత్రానికి పోయే ఓడ ఒకటి చేసింది. పదిహేను కిలోల నూనె డబ్బాను నిలువునా కోసి, లోపల అట్టముక్కలతో మూడు అంతస్తులు. కింద మట్టితో చేసిన మేకలు, కోళ్ళు. నడుమ పొయ్యి, నీళ్ళ కుండలు, ఒక చిన్న సీసాలో బూడిదా వేపాకూ కలిపిన జొన్న విత్తనాలు. పైన చాపల మీద చిన్నా పెద్దా మనుషులు. వాళ్ళందరి నడుమ గుడ్డతో చేసిన ఒక ముసలమ్మ. ఆ బొమ్మకు కట్టింది వాళ్ళ నాయనమ్మ పాత రవికె గుడ్డ, దానికి కుట్టిన అద్దాల్లో రెండు ఇంకా ఊడకుండా మెరుస్తున్నాయి.

"ఈమె ఏం పని చేస్తది?" అని అడిగాను.

"అడుగుతది టీచర్."

"ఏమడుగుతది?"

"ఎవల బిడ్డవని."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఒక ఏడు చెరుకు కొట్టే కాడ, అక్కడి సంతలో తండా పిల్లవాడొకడు తప్పిపోయాడట. ఏ ఊరని ఎవరడిగినా తండా అన్నాడే తప్ప ఇంకేం చెప్పలేకపోయాడు. రెండు రోజులకు దొరికాడు. ఆ రోజు నుంచి వాళ్ళ నాయనమ్మ ఒక పద్ధతి పెట్టింది. పొద్దుగూకంగానే గుడారాల ముందు పిల్లలందర్నీ వరుసగా కూర్చోబెట్టి, రొట్టె చేతిలో పట్టుకుని అడుగుతుంది. ఎవల బిడ్డవు? మీ తాత ఎవరు? ఏ తండా? గాంధారి నుంచి ఎటు పోవాలె? లంబాడీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాలి. తప్పు చెప్తే రొట్టె ఆగుతుంది.

"ఆడనే పుట్టినోళ్ళు తండా సూడలే గద టీచర్. అయినా తొవ్వ చెప్తరు. మా చెల్లె మాటలు నేర్సుడే దానితోని నేర్సింది. నక్షత్రం కాడికి పోయెటోళ్ళకు గూడ ఒక అవ్వ ఉండాలె. లేకుంటే నడుమ పుట్టినోళ్ళకు యాడికెళ్లి వచ్చినమో, యాడికి పోతున్నమో తెల్వది."

ఎంత పెద్ద మాట చెప్పిందో చూడండి. నేను విన్నాను, బాగుందే అన్నాను, ఆ తర్వాత భయపడ్డాను. కామారెడ్డిలో ప్రైవేటు బడుల పిల్లలు టై కట్టుకుని వస్తారు, ఇంగ్లీషులో గడగడా చెబుతారు. వాళ్ళ నడుమ మేకలూ ముసలమ్మా ఉన్న నూనె డబ్బా పెడితే నవ్వరా? నా పిల్లను నవ్వులపాలు కానిస్తానా? పోటీకి ముందు శనివారం మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో డబ్బాను ముందు పెట్టుకుని కూర్చున్నాను. మేకలు తీశాను, కోళ్ళు తీశాను, పొయ్యి తీశాను. విత్తనాల సీసా తీసి ఆక్సిజన్ ట్యాంకని పేరు రాసిన ప్లాస్టిక్ గొట్టం పెట్టాను. డబ్బాకు వెండి కాగితం చుట్టాను. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో కొన్న తెల్ల సూటు బొమ్మలు నాలుగు లోపల నిలబెట్టాను. ముసలమ్మను తీసి నా టేబుల్ సొరుగులో వేశాను.

ఆ పిల్ల పక్కనే నిలబడి చూసింది. "అవ్వ, టీచర్?" అని ఒక్క మాట అంది.

"పోటీ అయినంక ఇస్తలే. సైన్స్‌ల ముసలోళ్ళేంది?" అన్నాను. రెండు కాగితాల నిండా రాసి చేతిలో పెట్టి, "ఇదంతా బట్టీ పట్టు. నేను రాసిచ్చిన దాని కంటె ఒక్క ముక్క ఎక్కువ చెప్పకు" అన్నాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో పిల్లలకు నేను బాగా నేర్పిన పాఠం ఇదొక్కటే కావచ్చు.

కామారెడ్డిలో పోటీ జరిగిన బడి ఆవరణలో షామియానాలు వేశారు. పెద్దలొచ్చి మన పిల్లలే రేపటి అంతరిక్ష యాత్రికులని ఉపన్యాసాలిచ్చారు. ఆ మాటలు గంటన్నర సాగితే, రేపటి యాత్రికులు తాగడానికి నీళ్ళు లేక ఎండలో నిలబడ్డారు. ఆడపిల్లలు మూత్రానికి పోదామంటే గదికి తాళం. నేను పోయి కొట్లాడితే తాళం తీశారు, నీళ్ళ డ్రమ్ము మాత్రం ఉపన్యాసాలు అయ్యాకే వచ్చింది.

న్యాయనిర్ణేతలు ముగ్గురు. ఇద్దరు ఫోన్లు చూసుకుంటూ నడిచారు. మూడో ఆయన ఏదో కాలేజీలో చెప్పే పెద్దమనిషి, ప్రతి పిల్ల దగ్గరా ఆగి వంగి చూశాడు. గైడ్ టీచర్లు తాడు అవతల నిలబడాలి, నోరు విప్పకూడదని నిబంధన. మా పిల్ల నేను రాసిచ్చింది పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఇద్దరూ ముందుకు కదిలారు. మూడో ఆయన కదల్లేదు.

"మంచిగున్నదమ్మా. నాదొక్కటే అనుమానం. నడుమల పుట్టినోళ్ళు భూమిని సూడలే, పోయే జాగను సూడబోరు. వాళ్ళకు ఎవరు చెప్తరు, మీరు ఫలానా తావు నుంచి వచ్చిన్రు, ఫలానా తావుకు పోతున్నరని? ఎనకకు మర్రుద్దమని వాళ్ళు ఎందుకనుకోరు?"

ప్రపంచంలో అడగడానికి ఎన్నో ప్రశ్నలుంటే ఆయన ఆ ప్రశ్నే అడిగాడు. ఆ పిల్ల డబ్బాలోకి చూసింది. తర్వాత తాడు అవతల ఉన్న నా వంక చూసింది. చెప్పు, చెప్పవే అని నేను తల ఊపుతూనే ఉన్నాను. ఆమె చూపు దించి, మెల్లగా అంది.

"అది నాకు రాసియ్యలేదు సార్."

ఆయన నొచ్చుకున్నాడు. "అయితే ఇదంతా మీ టీచర్ చేసిందా?" అన్నాడు. పిల్ల వెండి కాగితం అంచును వేలితో సర్దింది. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని కదిలిపోయాడు. మొదటి బహుమతి పొగ కక్కే రాకెట్‌కు వచ్చింది. దాన్ని హైదరాబాద్‌లో డబ్బాతో సహా కొనుక్కొచ్చారని అక్కడున్న అందరికీ తెలుసు. నేను తాడు దాటి పోయి ఆ మూడో ఆయన్ని పట్టుకుని ఉన్నదంతా చెప్పాను. "ఎంత పని చేసినవమ్మా" అన్నాడు. జాబితా అప్పటికే పైకి పోయింది. ఎవరి మీద అరవాలో తెలియక షామియానా కట్టేవాడి మీద అరిచాను.

ఎల్లారెడ్డి బస్సులో డబ్బా ఆమె ఒళ్ళో ఉంది.

"నీకు తెలుసు గదనే. ఎందుకు చెప్పలే?" అన్నాను.

"ఒక్క ముక్క ఎక్కువ చెప్పొద్దన్నరు గద టీచర్." మళ్ళీ తనే అంది, "అవ్వ ముచ్చట చెప్తే అవ్వ ఏదని అడుగుతరు. మీరు తీసిన్రని చెప్పాల్నా?"

నన్ను కాపాడింది. తన బడి పోతుందని తెలిసీ, నలుగురిలో నా పరువు కాపాడింది. పద్నాలుగేళ్ళ పిల్లకు ఆ బరువు పెట్టిన నన్ను ఏమనాలి?

హెడ్మాస్టర్‌తో కొట్లాడాను. పిల్ల బడిలో ఉండాలి, మీరొచ్చి తండ్రికి చెప్పండి అంటే "చెరుకు పిల్లలు ఎట్లాగూ పోయేటోళ్ళే మేడం, బీపీ పెంచుకోకండి" అన్నాడు. ఆదివారం గాంధారిలో ఆటో ఎక్కి ఒక్కదాన్నే తండాకు పోయాను. తండ్రి మంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చాడు. తప్పు పిల్లది కాదు, నాది, నాది అని ఎన్నిసార్లు చెప్పానో. చెల్లెను నా ఇంట్లో ఉంచుకుంటానన్నాను. తల్లి ఆ మాటకు చిన్నదాన్ని దగ్గరికి లాక్కుంది. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

"నేను మాట తప్పలే మేడం" అన్నాడాయన. "ఎంపికైతే ఇడిసిపెడత అన్న. మా అక్కకు గూడ అదే చెప్పిన."

"తప్పు నాదంటున్న గదన్నా."

"తప్పు ఎవలదైతేంది మేడం. లారీ అయితే ఎల్లుండి వస్తది."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది, నేనూ తిరిగి కోపగించుకునేదాన్ని.

ఉగాదికి ఆ లారీ తిరిగొచ్చింది. వాళ్ళ కుటుంబం మాత్రం దిగలేదు, అటు నుంచి అటే ఇటుక బట్టీకి పోయారట. హాజరు పట్టీలో పేరు కొట్టేశారు. చివర చెప్పాల్సింది వేరే ఉంది కనుక ఇది ఇక్కడే చెప్పేస్తున్నాను.

తండ్రి చెప్పిన ఆ ఎల్లుండి, సెలవు పెట్టి, సొరుగులోని బొమ్మను సంచిలో వేసుకుని పోయాను. పదకొండు గంటల ఎండ. లారీ తండా మొదట్లో నిలబడి ఉంది. జొన్న సంచులు ఎక్కిస్తున్నారు. గంప కింద కోళ్ళు, తాడుకు కట్టిన రెండు మేకలు, చుట్టిన చాపలు, కుండలు, పొయ్యి రాళ్ళు. నేను డబ్బాలోంచి తీసేసినవన్నీ ఆ లారీలో ఉన్నాయి. ఆ పిల్ల పైన మూటల మీద, చెల్లెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బడి గౌనే వేసుకుంది.

బొమ్మను పైకి అందించాను. క్షమించమని అడుగుదామనుకున్నాను, "ఇగో, మీ అవ్వ" అని మాత్రం అన్నాను. ఆమె తీసుకుని, దుమ్ము దులిపి, చెల్లె చేతికిచ్చింది. చెల్లె అద్దం ముక్కను నాలుకతో తాకింది. కింద ఇంజను మొదలైంది.

"ఎవల బిడ్డవే?" అని ఆమె చెల్లెను అడిగింది. తెలుగులోనే అడిగింది.

చెల్లె బాపు పేరు చెప్పింది, తాత పేరు చెప్పింది, తండా పేరు చెప్పింది. గాంధారి నుంచి ఎటు తిరగాలో వేలితో కూడా చూపించింది.

"మరి మీ అక్క?"

"ఎల్లారెడ్డి బడి. తొమ్మిదో తరగతి."

"ఏ బెంచి?"

"కిటికీ కాడి బెంచి."

"మంచిది" అని ఆమె చెల్లెకు రొట్టె ముక్క పెట్టింది. లారీ కదిలింది.